లంక పొగాకు పక్కన హవానా చుట్ట

తల బాగా వంచి లోపలికి రండి. చూరు కిందికి ఉంది, తాటాకు అంచు నుదుటికి గీరుకుంటుంది. మార్చి ఎండలోంచి వచ్చారు కాబట్టి కాసేపు ఏమీ కనపడదు. ఈలోగా ముక్కుకు పని చెప్పండి. పైపైన ఎండుగడ్డి వాసన. దాని కింద బెల్లప్పాకం. ఇంకా లోపలికి పీల్చారంటే ముక్కుపుటాల్లో చురుక్కుమనే ఘాటు. తుమ్మొస్తే ఆపుకోకండి. పొగాకు పాకలోకి కొత్తగా అడుగుపెట్టిన వాళ్ళెవరైనా తుమ్ముతారు.

కళ్ళు తేరుకున్నాక చూడండి. నెత్తి మీద నుంచి నడుము దాకా అంతా ఆకే. తాళ్ళకు కట్టి, వాసాల మధ్య వరసలుగా వేలాడదీశారు. గుమ్మం దగ్గరి వరస మొన్న కట్టింది, ఇంకా పచ్చదనం వదల్లేదు. నడిమి వరస పసుపు తిరిగింది. వెనక దడి దగ్గరికి వెళ్ళేసరికి ముదురు గోధుమ రంగు. ఏటి గాలి లోపలికి దూరినప్పుడల్లా ముందు వరస మెత్తగా ఊగుతుంది, వెనక వరస గలగలమంటుంది. ఆ గలగల విన్నప్పుడు ఆకుని ముట్టుకోకూడదు, పెళపెళా విరిగిపోతుంది. తెల్లవారుజామున మంచు పదును మీద ఉన్నప్పుడే దాన్ని దింపాలి.

మనం ఉన్నది గౌతమి పాయలో ఒక లంక మీద. పొద్దున కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, ఆవలి ఒడ్డున దిగి, ఇసకలో నడుచుకుంటూ వచ్చాం. వానాకాలంలో పెద్ద వరద వస్తే ఈ చేలన్నీ నీళ్ళ కిందే ఉంటాయి. నీళ్ళు తీశాక మిగిలేది ఒండ్రు. చలికాలం పొడుగునా ఆ ఒండ్రు మీద పెరిగి, ఎండలు ముదిరే వేళకు పాకలోకి చేరేదే లంక పొగాకు. చుట్టలకనే పండించే ఆకు ఇది. సిగరెట్లకు వెళ్ళే వర్జీనియా పొగాకునైతే బ్యారన్‌లో పెట్టి, పొయ్యి వేడితో వారం తిరక్కుండానే ఆరబెడతారు. దీనికి పొయ్యి సెగ తగలదు. గాలి, ఎండ, నీడ, ఓపిక. అంతే.

"ఇలా రా బావా, నీకొకటి చూపిస్తా" అని పిలుస్తున్నాడు మా బావ. మా మేనమామ కొడుకు, ఈ చేను ఆయనదే. మీరూ దగ్గరికి రండి, ఇది దగ్గర నుంచి చూడాల్సిన పని. ఆయన చేతిలో రెండు ఆకులున్నాయి. ఒకటి ఏటి ఒడ్డు చెక్కలోది. రెండోది సముద్రం వైపు ఊళ్ళో ఉప్పునీటి బోరు కింద పండింది, తెలిసిన రైతు దగ్గర అడిగి తెచ్చాడు. చూడ్డానికి రెండోదే నిగనిగలాడుతోంది. బావ అగరొత్తి వెలిగించి, మంట ఆర్పి, ఆ నిప్పుకొసని మొదటి ఆకు అంచుకు ఆనించాడు. సన్నటి ఎర్రగీత ఒకటి అంచు నుంచి లోపలికి పాకడం మొదలెట్టింది. మంట లేదు, చిటపట లేదు. వెనకాల తెల్లటి బూడిద వదులుకుంటూ, పిల్ల ఈనెల్ని దాటుకుంటూ, నడిమి ఈనె దాకా వెళ్ళి గానీ ఆగలేదు. అదే నిప్పు రెండో ఆకుకు ఆనించాడు. నాలుగు వడ్లగింజలంత దూరం పాకి, నల్లటి మచ్చ మిగిల్చి ఆరిపోయింది. ఇంకోచోట ఆనించాడు. అక్కడా ఆరింది.

"ఉప్పు తాగిన ఆకు బావా. దీంతో చుట్ట చుడితే అగ్గిపెట్టె ఖాళీ అవుతుంది గానీ చుట్ట కాలదు."

1947లో రాజమండ్రిలో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు రైతులకు చెబుతూ వచ్చిందీ ఇదే. నీటిలో, మట్టిలో క్లోరైడ్ ఎక్కువైతే ఆకులోకి ఎక్కేస్తుంది, ఎక్కిందంటే నిప్పు నిలవదు. పొటాష్ తగినంత అందిన ఆకు నిదానంగా, సమంగా కాలుతుంది. చుట్ట రుచుల గురించి ఎవరెన్ని చెప్పినా మొదటి పరీక్ష మాత్రం ఈ అగరొత్తి నిప్పే అని నా నమ్మకం. ఆరిపోయి మళ్ళీ మళ్ళీ ముట్టించాల్సిన చుట్టలో చేదు పేరుకుంటుంది. దాని మీద ఇంకే రుచీ తేలదు.

పదండి, బయటికి పోదాం. చేను గట్టున మామిడి చెట్టు కింద నులక మంచం వేసి ఉంది. పిందెలు దిగాయి, నెత్తిన పడొచ్చు, కొంచెం ఇటు జరిగి కూర్చోండి. ముందున్న పీట మీద చెంబుతో నీళ్ళు, గిన్నెలో బెల్లం ముక్కలు, అగ్గిపెట్టె, మూత బిగించిన డబ్బా. డబ్బా నేను తెచ్చింది. అందులో తేమని నిలబెట్టే పొట్లం ఒకటి వేసి ఉంచుతాను. మంచి చుట్టకు తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. తగ్గితే పైఆకు పగులుతుంది, పెరిగితే బూజు పడుతుంది, దమ్ము లాగితే రాదు.

డబ్బాలో ఉన్నవి చెబుతాను. మస్కట్‌లో పనిచేసే మా తమ్ముడు వస్తూ వస్తూ దుబాయ్‌లో కొన్న మోంటెక్రిస్టో నంబర్ 4, క్యూబాది. డాలస్‌లో ఉన్న బావమరిది తెచ్చిన పద్రోన్, నికరాగువాది. నేను తిరుచ్చి వెళ్ళినప్పుడు ఉరైయూర్‌లో కొన్న చుట్టలు. ఇక నాలుగోది ఇంకా పుట్టలేదు. అదుగో, దాన్ని చుట్టే పెద్దాయన వస్తున్నారు.

ఊళ్ళో అందరికీ ఆయన తాతయ్యే. వచ్చీ రాగానే మంచం మీద మమ్మల్ని చూసి, "ఏరా అబ్బాయిలూ, నన్ను చూసి లేచిపోతారేంటి, కూర్చోండి. ఇవాళ కాల్చడానికేగా పిలిచారు" అన్నారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ముందు చుట్ట ముట్టించడం మర్యాద కాదు. కన్యాశుల్కంలో గిరీశం దగ్గర వెంకటేశం చుట్ట కాల్చడం నేర్చుకున్నదీ పెద్దల చాటునే. తాతయ్య నోరు తెరిచి ఆ మాట అన్నారు కాబట్టి మేం మళ్ళీ కూర్చున్నాం. మీరూ కూర్చోండి.

ఆయన చేతులు చూడండి. ఒళ్ళో తడి గుడ్డ పరుచుకున్నారు. పాకలోంచి తెచ్చిన ఆకుని దాంట్లో చుట్టి కాసేపు ఉంచారు, ఇప్పుడు మడిచినా విరగదు. ఎడమచేత్తో ఆకుని బోర్లా పట్టుకుని, కొస దగ్గర బొటనవేలి గోరు దించి, ఈనెని ఒక్క లాగుతో మొదలు దాకా ఊడదీశారు. ఆకు రెండు సగాలైంది. చిరుగు లేని సగం పక్కన పెట్టారు, అది పైకి. మిగిలిన ముక్కల్ని పొడవాటున, అన్నీ ఒకే వాలుకి ఉండేలా అరచేతిలో పేర్చుతున్నారు. అడ్డంగా ఒక్క ముక్క పడినా పొగ దారి మూసుకుపోతుందట. పేర్చిన కట్టని తొడ మీద పెట్టి అరచేత్తో దొర్లించారు. రెండు వేళ్ళ మధ్య ఒత్తుతూ ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి, ఒకచోట ఆగి, చిన్న ముక్క ఒకటి లాగి పారేశారు. తర్వాత పైఆకుని ఏటవాలుగా, అంచు మీద అంచు ఎక్కేలా చుట్టి, కొసన దారం రెండు చుట్లు తిప్పి బిగించారు. మనం మంచినీళ్ళు తాగేలోపు చుట్ట తయారైంది.

ఇప్పుడు దాని పక్కన మోంటెక్రిస్టో పెట్టి చూడండి. దాని పొడవు 129 మిల్లీమీటర్లు, లావు 42. చుట్టల లావుని అంగుళంలో 64వ వంతుల లెక్కన కొలుస్తారు, అంటే ఇది అంగుళంలో దాదాపు మూడింట రెండు వంతులు. పైఆకు మీద ఒక్క ఈనె పొంగు లేదు. గోరుతో మెల్లగా రాస్తే సన్నటి నూనె జిడ్డు తగులుతుంది. నోట్లో పెట్టుకునే కొసన ఆకుతోనే చేసిన టోపీ. తాతయ్య దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అతుకు ఎక్కడుందో వెతికి వెతికి, "చెయ్యి తిరిగినవాడే" అన్నారు. మోంటెక్రిస్టో 1935లో వచ్చిన పేరు. హవానా ఫ్యాక్టరీల్లో చుట్టలు చుట్టేవాళ్ళకు ఒకరు గట్టిగా పుస్తకాలు, పేపర్లు చదివి వినిపించే అలవాటు 1865 నుంచీ ఉంది. పనివాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగి చదివించుకున్న డ్యూమా నవల పేరే ఈ చుట్టకు పెట్టారు. చదువుకునే వాళ్ళం, ఈ ఒక్క సంగతికే నాకు దీని మీద ఇష్టం మొదలైంది.

ముందు మెత్తనిది ముట్టించి, తర్వాత ఘాటైనదాని దగ్గరికి వెళ్ళాలి. ఘాటుతో మొదలెడితే నాలుక మొద్దుబారుతుంది. కట్టర్‌తో టోపీ పైఅంచు మాత్రమే, రెండు మిల్లీమీటర్లు కోశాను. కిందికి దిగితే చుట్ట విచ్చుకుంటుంది. ముట్టించకుండా ఒక ఉత్తి దమ్ము లాగండి. ఏం తగిలింది? నాకు ఎండు చెక్క, కొంచెం తీపి. పుల్ల గీశాక గంధకం కాలిపోయేదాకా ఆగి, మంటని చుట్ట కొసకు తగలకుండా కింద పట్టుకుని, చుట్టని తిప్పుతూ పోవాలి. కొస అంతా ఒకేలా ఎర్రబారాక మెల్లగా లాగండి. పొగ లోపలికి పీల్చకండి. నోట్లోనే ఒక క్షణం తిప్పి వదిలేయండి. వదిలేముందు ఆఖరి కొంచెం ముక్కులోంచి పోనివ్వండి. నాలుకకు అందని సంగతులన్నీ ముక్కు చెబుతుంది.

మొదటి దమ్ముల్లో పెద్దగా ఏమీ లేదనిపిస్తుంది. కాసేపు కాలనివ్వండి. వేలెడంత కాలేసరికి కాఫీ గింజలు వేయించిన వాసన వస్తుంది, దాని వెనకాల పాత తోలు సంచీ, ఆఖర్న నాలుక పక్కల పులుపు కాని పులుపు. ఒక్కోటి వచ్చి, ఉండి, పోయి, ఇంకోదానికి చోటిస్తుంది. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. తొందరపడితే కొస వేడెక్కి, ఉన్న రుచులన్నీ మాడిపోతాయి.

ఇప్పుడు నీళ్ళు పుక్కిలించి, తాతయ్య చుట్ట ముట్టించండి. జాగ్రత్త. పెదవికి ఉప్పగా తగిలింది, చూశారా? పొగ నోట్లోకి వస్తూనే చెంపల లోపల ఎండుమిరప కారం. గొంతు దగ్గర పట్టుకుంది. బావకి ఇది రోజువారీ సంగతి, కదలకుండా కూర్చున్నాడు. మీరు ఒక బెల్లం ముక్క చప్పరించండి, తల తిరగదు. ఇంకో దమ్ము. కారం వెనకాల వాన పడ్డ మట్టి ఉంది. అది నాకు మోంటెక్రిస్టోలో ఎక్కడా దొరకలేదు. కానీ కారం అరుపుల మధ్య మట్టి మాట సరిగ్గా వినపడదు. ఆ చుట్టా ఈ చుట్టా మార్చి మార్చి కాలుస్తూ ఉంటే తేడా ఎక్కడో పట్టుబడుతుంది. లంక చుట్టకు బలం తక్కువ లేదు, మట్టి గుణం తక్కువ లేదు. అన్ని రుచులూ ఒకేసారి గుమ్మంలోకి తోసుకొస్తున్నాయి. మోంటెక్రిస్టోలో వరసగా వస్తున్నాయి. ఒక్కోదాన్నీ విడిగా ఒక్కో రోజు కాల్చి ఉంటే ఇది నాకెప్పటికీ తెలిసేది కాదు. అందుకే చుట్టల మీద సరదా ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. రెండు పక్కపక్కన పెట్టుకుని కాల్చండి.

అత్తయ్య మజ్జిగ తెచ్చింది. గ్లాసులు పీట మీద పెట్టింది గానీ వెంటనే వెళ్ళలేదు. ఆవిడది శ్రీకాకుళం వైపు. వాళ్ళ అమ్మగారు అడ్డపొగ కాల్చేవారు, వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని. "అంగిట్లో పుండు లేచి మానలేదురా. ఆఖరికి మజ్జిగ కూడా మింగలేకపోయింది" అంది అత్తయ్య. "మీరు ఎప్పుడో ఒకసారి కాలుస్తున్నామంటారు. అదీ మానేస్తే నాకు నిద్ర పడుతుంది." ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్ళకు అంగిటి క్యాన్సర్ వస్తున్న సంగతి వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. పొగ మింగకపోయినంత మాత్రాన మామూలు చుట్టకూ మినహాయింపు లేదు. నోరు, గొంతు, అన్నవాహిక, వీటికి చుట్ట వల్ల క్యాన్సర్ ముప్పు ఉంది, రోజూ కాల్చేవాళ్ళకు మరీ ఎక్కువ. ఈ సంగతి తెలిసే నేను చుట్టని పండగ పిండివంటగా ఉంచుకున్నాను, రోజువారీ తిండి కానివ్వలేదు. అలవాటు లేనివాళ్ళని మొదలెట్టమని ఎప్పుడూ అనను. అత్తయ్య మాటకు మా దగ్గర జవాబు లేదు. బావ చేతిలోని చుట్టని పీట అంచున ఆనించి, మజ్జిగ తాగి, గ్లాసు కడిగి ఆవిడ చేతికిచ్చాడు.

ఆ రెండు చుట్టల మధ్య తేడా ఎందుకొచ్చిందో చూడాలంటే మళ్ళీ పాకలోకి రావాలి. ఆ మూల గోనెపట్టాలు కప్పి ఉన్నదే మండె. ఎండిన ఆకుని దొంతరలుగా పేర్చారు. పట్టా తీసి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టండి. వేడిగా ఉంది కదూ? కింద పొయ్యి లేదు. తన తేమతో, తన బరువుతో ఆకు తనలో తానే ఉడుకుతోంది. చెయ్యి తీసి వాసన చూడండి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయా? అది అమ్మోనియా. ఇది బయటికి పోయినకొద్దీ ఆకు మెత్తబడుతుంది, కారం తగ్గుతుంది. వేడి హద్దు దాటకుండా మండెని విప్పి, పైది కిందికి, లోపలిది బయటికి తిరగేసి మళ్ళీ కడతారు.

క్యూబాలో పినార్ దెల్ రియో రాష్ట్రంలో వుయెల్తా అబాహో అనే ప్రాంతం ఉంది. అక్కడా ఇవే పనులు. పైఆకు కోసం కొన్ని చేలకు పల్చటి గుడ్డ పందిళ్ళు వేసి, ఎండని వడగట్టి పెంచుతారు. ఆకుల్ని కింది నుంచి పైకి విడతలు విడతలుగా కోసి, పాకల్లో దాదాపు యాభై రోజులు గాలికి ఆరబెట్టి, మండెలు కడతారు. కానీ ఆ తర్వాత అక్కడ ఆకుని చాలాకాలం కదిలించరు. మొక్క పైన కాసిన ముదురాకుని లిహేరో అంటారు. చుట్టకు బలం ఇచ్చేది అదే. దాన్ని కనీసం రెండేళ్ళు మాగబెడతారు. నడిమి ఆకు సేకో, వాసన కోసం. అడుగు ఆకు వొలాదో, నిప్పు నిలవడం కోసం. ఈ మూడింటినీ కలిపి, నిదానంగా కాలే లిహేరోని సరిగ్గా మధ్యకు వచ్చేలా పేర్చి, ఇంకో ఆకుతో బిగించి, దాని పైన అందమైన పైఆకు చుడతారు. మోంటెక్రిస్టోలో రుచులు వరసగా రావడం వెనక ఉన్న పని ఇదంతా.

"కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, పాత బియ్యం పువ్వులా విచ్చుకుంటుంది. దీనికి క్యూబా దాకా ఎందుకు బావా?" అన్నాడు బావ.

మళ్ళీ చెట్టు కిందికి వచ్చాం. ఉరైయూర్ చుట్ట గురించి ఎక్కువ చెప్పను. రెండు కొసలూ తెరిచే ఉంటాయి, కత్తిరించే పని లేదు. పొడిగా, మిరియం ఘాటుతో, మొదలు నుంచి చివర దాకా ఒకే స్వరం. ఒకప్పుడు తెల్లదొరలు పెట్టెలకు పెట్టెలు తెప్పించుకున్న తిరుచినాపల్లి చుట్టలు ఇవే. కాలుతుంటే దీని బూడిద మాత్రం చూడండి, ముదురు రంగు. 1890లో వచ్చిన ‘ద సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ తిరుచినాపల్లి చుట్ట బూడిద నల్లగా ఉంటుందని చెబుతాడు. పక్కనే మోంటెక్రిస్టో బూడిద లేత బూడిద రంగులో, అంగుళం పొడవున రాలకుండా నిలబడి ఉంది. లంక చుట్టది రెండింటికీ మధ్యన ఉంది.

పద్రోన్ సంగతి వేరు. డాలస్ నుంచి వచ్చే బావమరిది హవానా చుట్ట తేలేడు. 1962 ఫిబ్రవరిలో కెన్నెడీ క్యూబా సరుకు మీద నిషేధం పెట్టాడు, ఆ నిషేధం ఇంకా ఉంది. సంతకం పెట్టే ముందు తన ప్రెస్ కార్యదర్శి పియెర్ సాలింజర్‌తో 1,200 చుట్టలు తెప్పించుకుని మరీ పెట్టాడని సాలింజరే రాసుకున్నాడు. విప్లవం తర్వాత క్యూబా వదిలి వెళ్ళిన పొగాకు కుటుంబాలు మయామీలో, డొమినికన్ రిపబ్లిక్‌లో, నికరాగువాలో మళ్ళీ మొదలెట్టాయి. పినార్ దెల్ రియో రైతుబిడ్డ హోసే ఒర్లాండో పద్రోన్ 1964లో మయామీలో పెట్టిన కంపెనీది ఈ చుట్ట. ఆకు మొత్తం నికరాగువాదే. ముట్టించగానే కోకో, చిక్కటి కాఫీ. బలం లంక చుట్టకు దగ్గర, నడక మోంటెక్రిస్టోకి దగ్గర. ఊరు మారినా, మట్టి మారినా, మాగబెట్టే పద్ధతిని ఆ కుటుంబం వెంట తీసుకెళ్ళింది. ఈ సాయంత్రం కాల్చినవాటిలో బావకి నచ్చింది ఇదే. "ఇది మన చుట్టకు చదువుకున్న తమ్ముడు" అన్నాడు.

తాతయ్య ఇంతసేపూ ఏమీ అనలేదు. పద్రోన్ ఒక దమ్ము లాగి, ఇంకోటి లాగి, లేచి ఇంటికి వెళ్ళారు. వచ్చేటప్పుడు చేతిలో పాత గోనెముక్కలో చుట్టిన పొగాకు కాడ ఒకటి. మూడేళ్ళ నాటిదట, అటక మీద పెట్టుకున్నారు, ఇదే లంకది. విప్పగానే వాసన చూడండి. పాకలో మనల్ని తుమ్మించిన ఘాటు ఎక్కడా లేదు. ఎండుద్రాక్ష, పాత చెక్కపెట్టె. ఆకు నల్లగా అయింది, వేళ్ళకు జిడ్డు తగులుతోంది. అదే తడి గుడ్డ, అదే గోరు, అదే తొడ. చుట్ట చుట్టి నా చేతికిచ్చారు. నేను డబ్బాలోంచి రెండో మోంటెక్రిస్టో తీసి కత్తిరించాను. ఇప్పుడు రెండూ సమానంగా మొదలవ్వాలి.

దమ్ము లాగండి. పెదవి మీద ఉప్పు ఉంది, కానీ ఒక్క క్షణమే. కారం వచ్చింది, ఈసారి చెంపల్లో కాదు, నాలుక కొసన, తగలగానే తప్పుకుంది. ఇప్పుడు మట్టి. తొలకరి పడ్డ చేను, అడ్డమేమీ లేకుండా. దాని వెనక తాటిబెల్లం, అది ముక్కులోంచి పొగ పోయేటప్పుడు తెలిసింది. సగం కాలాక ఏదో వేయించిన రుచి, వేరుశెనక్కాయ అన్నాడు బావ, నాకు నువ్వులు అనిపించింది. మోంటెక్రిస్టో వైపు తిరిగితే దాని పొందిక దానిదే, చేతిపని దానిదే, అందులో నాకు సందేహం లేదు. తాతయ్య చుట్ట ఒక పక్క ఎక్కువ కాలి వంకరపోయింది, పైఆకు ఒకచోట విచ్చుకుంది. అయినా రుచి ఒక్కటే అడిగితే, ఆ రెండింటిలో నా చెయ్యి మాటిమాటికీ వెళ్ళింది లంక చుట్ట వైపే. మన నేలకి ఏమీ తక్కువ కాలేదు. మనం ఆకుని ఆగనివ్వడం లేదు.

"ఆగనివ్వడానికి నాకేం అభ్యంతరం బావా" అన్నాడు బావ. "చేతికొచ్చిన ఆకు ఆ ఏడే అమ్మితే గానీ కౌలు కట్టలేను. మూడేళ్ళు అటకెక్కిస్తే అప్పు మీద వడ్డీ ఎవరు కడతారు? పురుగు పడితే మొత్తం పోతుంది."

ఆ లెక్క తప్పని నేను అనలేను. అన్ని కాడలూ అక్కర్లేదన్నాను. పంటలో కొంచెం, నష్టం వచ్చినా ఇల్లు కదలనంత కొంచెం. హవానా చుట్టకు వేలు పోసి కొంటున్న తెలుగువాళ్ళు హైదరాబాదులో ఉన్నారు, మూడేళ్ళు మాగిన లంకాకు రుచి చూస్తే వాళ్ళు అడిగి మరీ కొంటారని నా గట్టి నమ్మకం.

"అమ్మకం తర్వాత చూసుకోండ్రా" అన్నారు తాతయ్య. "ముందు సరిగ్గా దాయడం నేర్చుకోండి. పొయ్యి పైన అటక వద్దు, పొగ వాసన పడుతుంది. ఉల్లిపాయలు, ఇంగువ ఉన్న గది అసలొద్దు. ప్లాస్టిక్ సంచిలో కడితే చెమట పట్టి బూజొస్తుంది, గోనెపట్టానే చుట్టాలి. వానలు వెళ్ళాక విప్పి, పురుగు చిల్లులు ఉన్నాయేమో ఆకు ఆకూ చూసి, మళ్ళీ కట్టాలి."

బావ అప్పటికే పాక గుమ్మంలో ఉన్నాడు, మండె మీది పట్టా తీస్తున్నాడు. "పై ఆకు కట్టమంటారా, నడిమాకా?" అని అక్కడి నుంచే అడిగాడు.

"రెండూ కట్టు. కలపొద్దు, విడివిడిగా. ఏది ఎంత మాగిందో చుట్టేటప్పుడు తెలియాలి కదా."